టౌన్‌హాలు మెట్ల మీది ముద్దు

విహారయాత్ర ఓడలో పొద్దుటి కాఫీ దగ్గరే రోస్వితకు అనుమానం వచ్చింది. కాసెల్‌లో ఇంటిపట్టున ఉంటే మూడు రోజులకోసారి గడ్డం గీసుకునే మనిషి, ఇవాళ తెల్లారకముందే నున్నగా గీసుకుని, నీలం చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు అందరితోపాటు బస్సులో ల్యూబెక్ వెళ్లు రోజీ," అన్నాడు గెర్నోట్, రొట్టెకు వెన్న రాస్తూ, ఆమె వైపు చూడకుండా. "బాదం మిఠాయి దుకాణాలన్నీ తిప్పుతారట. నా మోకాలికి బస్సు పడదు. నేను ఈ ఊళ్లోనే అలా ఓ చుట్టు తిరిగి వచ్చేస్తా."

"బస్సులో కూచోడం పడని మోకాలికి ఊరంతా తిరగడం పడుతుందా?"

గెర్నోట్ చక్కెర గిన్నె వైపు చెయ్యి చాపాడు. రోస్విత గిన్నెను తన వైపు లాక్కుంది. డాక్టరు వద్దన్న రోజు నుంచి ఆ గిన్నె ఎక్కడున్నా ఆమె చేతికింద ఉండాల్సిందే. అసలు మొగుడి గురించి పెళ్లయ్యాక ఆమె నేర్చుకున్న మొదటి సంగతే ఆ చక్కెర లెక్క. పాలు లేని కాఫీలో మూడు చెంచాల చక్కెర, అదీ అడుగున మిగలకుండా బాగా తిప్పాలి. ఆ మాత్రం తెలుసుకోవడానికి ఆమెకు వారం పట్టింది. చిన్నపిల్లాడిలా మూడు చెంచాలేమిటని నవ్వుతారని, పరాయివాళ్ల ముందు ఒక్కటే వేసుకుని చేదు మింగే రకం గెర్నోట్.

"ఏం రోస్వితా, మీరు బస్సుకి రావట్లేదా?" అని పక్క బల్ల దగ్గర నుంచి లోమాన్ గారి భార్య పలకరించింది.

"లేదండీ. ఈ ఊళ్లో మావారికి పాత చుట్టరికాలున్నాయి. నేను కూడా చూసొద్దామని."

గెర్నోట్ చేతిలో కత్తి వెన్న మీద ఆగిపోయింది. ఆ తర్వాత "రా, రా, దానికేం," అన్నాడు గానీ, ఆ గొంతులో పిలుపు లేదు.

ఊరి పేరు ఒస్టర్‌హుక్. పెళ్లికి ముందు గెర్నోట్ ఇక్కడి ఓడల మరమ్మతు యార్డులో పనిచేశాడు. ఇక్కడే అతనికి ముప్పై నిండాయి, పెళ్లి కాకుండానే నిండాయి. ఆ తీరంలో పెళ్లికాకుండా ముప్పైలో పడ్డ మగవాణ్ని ఊరికే వదలరు. పుట్టినరోజున చీపురిచ్చి టౌన్‌హాలు మెట్లు ఊడిపిస్తారు. ఊళ్లో పెళ్లికాని పిల్ల ఎవరో ఒకతె వచ్చి ముద్దుపెట్టేదాకా చీపురు దింపడానికి లేదు. స్నేహితులు బస్తాలకొద్దీ బీరు సీసాల మూతలు తెచ్చి, ఊడ్చిన మెట్ల మీద మళ్లీ మళ్లీ కుమ్మరిస్తూ ఉంటారు. గెర్నోట్‌ను ముద్దుపెట్టి విడిపించిన పిల్ల పేరు వీబ్కె.

ఈ కథ రోస్వితకు కంఠతా వచ్చు. ఏటా మొగుడి పుట్టినరోజున, కేకు కోశాక, ఎవరు అడిగినా అడక్కపోయినా అతను అది చెప్పి తీరతాడు. నవంబరు నెల, మంచువాన. ఊడ్చి ఊడ్చి చీపురు కర్ర మధ్యకు విరిగితే, సగం కర్రతో వంగి ఊడవడం. అప్పుడు ఆకుపచ్చ రెయిన్‌కోటులో, ఒళ్లంతా హెర్రింగ్ చేపల వాసనతో, మెట్లెక్కి వచ్చిన వీబ్కె. అక్కడికి వచ్చేసరికి గెర్నోట్ గొంతు కాస్త మెత్తబడుతుంది. చుట్టాలు చప్పట్లు కొడతారు. రోస్విత కూడా నవ్వి, ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, అవసరమైనదానికన్నా గట్టిగా తోముతుంది. ఆ వీబ్కె లావెక్కి ఉండాలని, పళ్లూడిపోయి ఉండాలని, ఆమె ఎన్నిసార్లు కోరుకుందో లెక్కలేదు. అంతకన్నా లోపల, ఎవరికీ చెప్పుకోలేని భయం ఇంకోటి ఉంది. ఆ మెట్ల మీద దొరకనిదాని బదులు తను దొరికిందేమో, అంతే సంగతేమో అని. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా ఆ మాట పైకి అడగలేదు.

ఓడ దిగి రేవు వెంట నడిచారు. గాలి తోసేస్తోంది. ఎదురైన ప్రతివాడూ, పొద్దు నడినెత్తి మీదికి వస్తున్నా, శుభోదయంలా వినబడే "మొయిన్" అని ఒక్క ముక్కలో పలకరించి పోతున్నాడు. గెర్నోట్ కూడా "మొయిన్, మొయిన్" అంటూ, కాసెల్ యాస ఎక్కడ వదిలేశాడో ఏమో, ఈ ఊరివాడిలా నడుస్తున్నాడు. మోకాలి గురించి ఒక్క మూలుగు లేదు.

టౌన్‌హాలు ముందు ఆగి, "ఇవే," అన్నాడు.

రోస్విత చూసింది. కథలో కోట మెట్లంత పొడుగు. ఇక్కడ చూస్తే ముసలమ్మ కూడా ఊపిరి తీసుకోకుండా ఎక్కేసేలా ఉన్నాయి. "ఇంతేనా? ఈ మాత్రం ఊడవడానికి కర్ర విరిగిందా?" అంది.

"మూతలు పోశారు కదే, బస్తాలు బస్తాలు..."

"అవున్లే. బస్తాలు."

అతన్ని అలా గుచ్చడం ఆమెకు హాయిగా ఉంది. గెర్నోట్ చిన్నబోయి ముందుకు నడిచాడు.

రేవులో కట్టేసిన పడవ మీద ఒకతను చేపముక్క పెట్టిన బన్నులు అమ్ముతున్నాడు. చాలామంది నిలబడి ఉన్నారు. గెర్నోట్ వంతు వచ్చినప్పుడు, బన్నులతోపాటు ఇంకేదో గొంతు తగ్గించి అడిగాడు. గొంతు తగ్గించడం ఆ పడవవాడికి చేతకాదు.

"వీబ్కెనా? ఎక్కడికి పోతుందండీ, బీచిలోనే! బుట్టకుర్చీలు అద్దెకిచ్చే గుడిసె ఆవిడదే. మొగుడు పోయాక ఒక్కతే చూసుకుంటోంది. వెళ్లండి, వెళ్లండి!"

మొగుడు పోయాడట. రోస్విత గుండెల్లో రాయి పడింది.

"నేను ఒక్క నిమిషం..." అంటూ గెర్నోట్ రేవు మరుగుదొడ్డి వైపు చూపించాడు. తల దువ్వుకోవడానికని ఆమెకు తెలుసు. దువ్వెన జేబులోంచి పైకి కనబడుతూనే ఉంది.

"నిదానంగా రా. నేను ముందెళ్లి మంచి కుర్చీ చూస్తా," అంది రోస్విత. అని, మనవడి వెంట కూడా ఎప్పుడూ పరుగెత్తని మనిషి, ఇసుకలో పరుగులాంటి నడక అందుకుంది.

బీచి పొడుగునా, గాలి తగలకుండా నెత్తి మీదుగా కప్పు వంగిన అల్లిక కుర్చీలు, వీపులు గాలికి పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. గుడిసె ముందు ఒకావిడ చెప్పులు లేకుండా నిలబడి కుర్చీకి తాళం తీస్తోంది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఎండకు కాలిన మొహం, మగవాళ్ల స్వెట్టరు. లావెక్కలేదు. పళ్లన్నీ ఉన్నాయి. ఆ వయసులో ఎవరికీ ఉండకూడనంత అందంగా ఉంది. రోస్వితకు ఒళ్లు మండిపోయింది.

"మొయిన్. ఇద్దరు పట్టేదా, ఒక్కరికా?" అంది ఆవిడ.

"వీబ్కె అంటే మీరేనా?"

"నేనే. ఏం?"

ఇన్నేళ్లుగా ప్లేట్లు తోముతూ కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "మావారు ముప్పై నిండినప్పుడు ఈ ఊళ్లో టౌన్‌హాలు మెట్లు ఊడ్చారు. మీరు... మీరే విడిపించారట. గెర్నోట్. కాసెల్ మనిషి. యార్డులో పనిచేసేవాడు. గుర్తున్నాడా?"

వీబ్కె తాళంచెవి చేతిలో పట్టుకుని రోస్విత మొహంలోకి చూసింది. ఇస్త్రీ మడత చెదరని జాకెట్టు వంక, రెండు చేతులా పట్టుకున్న చేతిసంచి వంక చూసింది. తొందరపడకుండా చూసింది.

"లేదండీ," అంది చివరికి. "మా నాన్న సారాకొట్టు టౌన్‌హాలుకి ఎదురుగానే ఉండేది. ఎవడో మెట్లూడుస్తూ ఉంటే అందరూ అక్కడే నిలబడి చూసేవాళ్లు, లోపలికొచ్చి తాగేవాళ్లు కాదు. 'పోవే, వాడికో ముద్దు పడేసిరా, బేరం పోతోంది' అని నాన్న నన్ను తరిమేవాడు. అలా ఎంతమందిని విడిపించానో! ఎవరని గుర్తుపెట్టుకోను?"

రోస్వితకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇన్నేళ్లూ తను తోమిన ప్లేట్లన్నీ ఒక్కసారి గలగలమని నవ్వినట్టనిపించింది. సారాకొట్టు బేరం కోసం పెట్టిన ముద్దట! వెనక్కి తిరిగింది.

ఇసుకలో గెర్నోట్ వస్తున్నాడు. తడిపి దువ్విన తల. బూట్లు ఒక చేతిలో, బన్నులు ఒక చేతిలో. ఒక బన్నులో చేపముక్క లేదు, దారిలో సముద్రపు కాకి ఎత్తుకుపోయినట్టుంది, అది కూడా అతను చూసుకోలేదు. దూరం నుంచే గుడిసె వైపు చూస్తూ నవ్వుతున్నాడు, బడి మొదటిరోజు పిల్లాడిలా.

ఈ మొహం ఇంకో నిమిషంలో ఎలా మారుతుందో రోస్వితకు కళ్లకు కట్టింది. ఇక కేకు కోశాక కథ ఉండదు. నోరు మూసుకుని కూర్చుంటాడు, వచ్చే ఏడు, ఆ పై ఏడు. ఆమెకు హఠాత్తుగా కోపం వచ్చింది. మొగుడి మీద కాదు, ఈ చెప్పుల్లేని మనిషి మీద. నా మొగుణ్ని ఎలా మర్చిపోయింది ఈవిడ?

"చూడండీ," అంది గబగబా, వీబ్కె స్వెట్టరు చెయ్యి పట్టుకుని. "గుర్తున్నట్టు చెప్పండి. నవంబరు. మంచువాన. చీపురు కర్ర విరిగింది. మీరు ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్నారు, మీ దగ్గర హెర్రింగ్ వాసన. అంతే. ఆ నాలుగు ముక్కలు చాలు. ఇన్నేళ్లుగా అదే చెప్పుకుంటున్నాడు పిచ్చి మనిషి."

"మీరు చెప్పమంటున్నారా?" అంది వీబ్కె ఆశ్చర్యంగా.

"నేనే చెప్పమంటున్నా. వచ్చేశాడు."

వీబ్కె నడుము మీద చేతులు పెట్టుకుని ఇటు తిరిగింది. "మొయిన్, విరిగిన చీపురూ!" అని కేకేసింది.

గెర్నోట్ ఉన్నచోట నిలబడిపోయాడు. "గుర్తున్నానా?"

"ఎందుకుండవు? ఆ మంచువానలో సగం కర్ర పట్టుకుని, తడిసిన కోడిలా! నా ఆకుపచ్చ రెయిన్‌కోటు నిండా హెర్రింగ్ కంపు. అయినా పారిపోకుండా నిలబడ్డావు చూడు, అదీ మగతనమంటే!"

గెర్నోట్ నవ్వాడు. భార్య వైపు తిరిగి, "చూశావా? నేను చెప్పలే? కర్ర విరిగిందని చెప్పలే?" అన్నాడు.

"చెప్పావు," అంది రోస్విత. అప్పజెప్పిన పాఠం తప్పులేకుండా వచ్చింది. వీబ్కె చెయ్యి మాత్రం గెర్నోట్ భుజం మీదికి వెళ్లింది, అది పాఠంలో లేదు. రోస్విత పళ్లు నూరుకుంది. తను కోరి తెచ్చుకున్నదే కదా అని సర్దుకుంది. ఎంతైనా నాటకమే, రాసిచ్చింది నేనే అనుకుంది.

వీబ్కె వాళ్లను గుడిసె ముందు కూర్చోబెట్టి, ఫ్లాస్కు తెచ్చి గ్లాసుల్లో కాఫీ పోసింది. చక్కెర డబ్బా మూత తీసి, "మీకెంత చక్కెర?" అని రోస్వితను అడిగింది.

"నాకొద్దండీ."

గెర్నోట్ యార్డు గురించి ఏదో అంటున్నాడు. పాత క్రేను ఉందా, తీసేశారా అని. "ఎప్పుడో తీసేశారు," అంటూ వీబ్కె అతని గ్లాసులో ఒక చెంచా వేసింది. "ఇప్పుడక్కడ హోటలు కడుతున్నారు," అంటూ రెండోది వేసింది. మూడోది కూడా వేసి, అడుగున మిగలకుండా బాగా తిప్పి, చెంచా అంచుకు తట్టి, గ్లాసు అతనికి అందించింది. అతన్ని అడగలేదు. గ్లాసు వంక చూడను కూడా చూడలేదు.

"ఆయనకి చక్కెర..." అని తెరిచిన రోస్విత నోరు అలాగే ఉండిపోయింది.

మంచువాన చెప్పింది. కర్ర చెప్పింది. రెయిన్‌కోటు, చేపల వాసన చెప్పింది. చక్కెర సంగతి చెప్పలేదు. టౌన్‌హాలు మెట్ల మీద ఒక్క ముద్దుతో తెలిసే సంగతి కాదది. తనకే వారం పట్టింది, అదీ ఒకే ఇంట్లో ఉండి.

గెర్నోట్ గ్లాసులోకి చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. వీబ్కె అప్పుడు తన చేతిలోని చెంచాను చూసుకుంది. నెమ్మదిగా డబ్బా మూత పెట్టేసింది. నా మొహం చూసి జాలిపడి, గుర్తులేదని అబద్ధమాడింది అనుకుంది రోస్విత. ముద్దు కన్నా ఆ జాలి ఎక్కువ మండింది ఆమెకు.

"చల్లారిపోతోంది. తాగు," అంది మొగుడితో.

వెనక్కి నడుస్తున్నప్పుడు గెర్నోట్ మోకాలు మళ్లీ నొప్పి పెట్టడం మొదలైంది. టౌన్‌హాలు దాటాక రోస్విత అడిగింది.

"ఎన్నాళ్లు?"

"ఒక్క చలికాలం," అన్నాడు నేల చూస్తూ. "నువ్వు నాకు తెలియకముందు."

"ముద్దు ఒక్కటే అన్నావు."

"మెట్ల మీద ఒక్కటే."

"మరి ఎందుకు విడిపోయారు?"

"తను ఈ ఊరు వదిలి రానంది. నేను ఉండలేనన్నాను." కాస్త దూరం నడిచాక, "నీతో అలా అనాలని ఎప్పుడూ అనిపించలేదు రోజీ. నువ్వెక్కడుంటే అక్కడ ఉన్నా," అన్నాడు.

మంచి మాటే. ఇంకోరోజైతే ఆ మాట పట్టుకుని ఆమె నెల్లాళ్లు బతికేది. ఇవాళ మాత్రం ఆమె చెవుల్లో చెంచా గ్లాసుకు తట్టిన చప్పుడే ఉంది.

ఓడ బయల్దేరేటప్పుడు ఊరివాళ్లంతా అలవాటు ప్రకారం రేవు చివరికి వచ్చి చేతులూపారు. వాళ్లలో మగవాళ్ల స్వెట్టరు ఒకటి కనిపించింది. చెయ్యెత్తి నిలబడింది గానీ ఊపలేదు. గెర్నోట్ ఓడ అంచు కమ్మీల దగ్గర నిలబడి, చెయ్యి ఎత్తనా వద్దా అని భార్య వంక చూశాడు.

"ఊపు," అంది రోస్విత. "ఊపి లోపలికి రా, కాఫీ తీసుకుంటున్నా."

లోపల బల్ల దగ్గర అతని ముందు కప్పు పెట్టింది. చక్కెర గిన్నె తన వైపు లాక్కుని, ఒకటి, రెండు, మూడు వేసింది. ఆగింది. నాలుగోది వేసింది.

"రోజీ, డాక్టరు..."

"మూడు ఆవిడకీ తెలుసు. ఇది నాలుగు," అంది ఆమె తిప్పుతూ, చాలాసేపు తిప్పుతూ. "తాగు."

గెర్నోట్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. ఆ తర్వాత ఆమె కళ్లలోకి చూసి, ఇంకో గుక్క తాగాడు. కప్పు అడుగు కనబడేదాకా రోస్విత అక్కడి నుంచి కదల్లేదు.