బొంత మీద మరక

రబ్బరు షీటు పరిస్తే సరిపోతుందని విజయమ్మ, షీటుతో అయ్యేది కాదు జాగానే మార్చాలని యాదగిరి. పొద్దున విజయమ్మ అత్వెల్లి నుంచి వచ్చి ఆటో దిగీ దిగకముందే మొదలైన లొల్లి, అన్నాలు తిని చేతులు కడుక్కున్నా తెగలేదు.

"కన్నతల్లిని తీస్కపోయి ఎనక అర్రల పండవెడ్తవారా? కాలిపోయిన మోటార్ల నడుమ?" అంది విజయమ్మ.

"మోటార్లన్నీ రిపేరు షాపుకు తోలిన అక్కా. అర్ర కడిగిచ్చిన, నవారు మంచం ఏసిన. లెట్రిన్ పక్కనే ఉంటది, లేవాల్నంటే నాలుగడుగులు. గీడ పిల్ల సదువుకునే అర్ర. వాసనొస్తాంది. దాని దోస్తులొస్తే ఏమనుకుంటరు?"

"నువ్వు పదేండ్లొచ్చేదాక పక్క తడిపినవ్. అమ్మ నిన్ను పశువుల కొట్టంల పండవెట్టిందా?"

యాదగిరి ముఖం కందగడ్డయింది. అతని కూతురు తృప్తి కిసుక్కున నవ్వి, తండ్రి చూపు చూసి నోరు మూసుకుంది.

ఎవరి గురించి ఈ లొల్లో ఆ సత్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఇరవై రోజుల కిందటి దాకా ఈ ఇంట్లో ఏ లొల్లయినా ఆమె మాటతోనే మొదలై ఆమె మాటతోనే ముగిసేది. ఇప్పుడు కొడుకూ కూతురూ తన పక్క గురించి కొట్లాడుతుంటే పక్కింటి సంగతి విన్నట్టు వింటోంది.

వంటింటి గడపలో కోడలు శైలజ గిన్నె తుడుస్తూ నిలబడింది. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. బొంత తడుపుతున్నది అత్త కాదని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

శైలజ తమ్ముడు శామీర్‌పేట దగ్గర కోళ్ల ఫారంలో సూపర్‌వైజరు. హోలీకి వస్తూ మేనకోడలి కోసం గుడ్ల అట్టపెట్టెలో రెండు తెల్ల కుందేళ్లను పెట్టుకొచ్చాడు. యాదగిరి తన మోటార్ల షాపులో మిగిలిన ఇనుప జాలీతో పెరట్లో గూడు చేశాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఇంట్లకు మాత్రం రావద్దు. మొన్ననే ఫోను పెట్టిచ్చిన, వైరు కొరికితే మళ్ల లైన్‌మన్ చుట్టు ఎవడు తిరుగుతడు? గడప దాటినరోజు కూర అదే."

నాలుగో రోజు గండుపిల్లి జాలీ వంచి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. తృప్తి పదేళ్ల పిల్ల. మూడు రోజులు ఒళ్లు కాలిపోయేలా జ్వరం, అన్నం ముట్టలేదు. మూడో రాత్రి, మొగుడు చాప తీసుకుని డాబా మీదికి పోయాక, మిగిలిన కుందేలును శైలజే కొంగులో చుట్టి తెచ్చింది. కూతురి మంచం కింద వెదురు బుట్టలో పెట్టి, "నాయినకు చెప్పకు. అవ్వకు గూడ" అంది. తెల్లారి ఐదింటికి నల్లా వస్తుంది. నీళ్లు పట్టడానికి లేచినప్పుడు దాన్ని తీసుకుపోయి గూట్లో పెట్టేసేది. దాని పేరు పత్తి. అదే అర్రలో, పిల్ల మంచం పక్కనే నేల మీద బొంత పరుచుకుని సత్యమ్మ పడుకునేది. కుందేలుకు నోరు లేదు, అత్తకు రాత్రిపూట చూపు ఆనదు. వారం రోజులు ఏ గొడవా లేకుండా గడిచాయి.

ఉగాది తెల్లారి శైలజ నల్లా కింద బిందె పెట్టి వచ్చేసరికి సత్యమ్మ బొంత పక్కన నిలబడి ఉంది. వంగి బొంతను తడిమింది. చెయ్యి వాసన చూసుకుంది. చీర అంచు కూడా తడిసింది.

"గిట్లెన్నడు కాలే శైలజా. యాదికి చెప్పకే బిడ్డా" అంది.

పదమూడేళ్ల కాపురంలో అత్త నోట బిడ్డా అన్న మాట శైలజ వినలేదు. కూరలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే "మీ తల్లిగారింట్ల ఉప్పు అగ్గువనా ఏంది?" అనే మనిషి. శైలజకు నిజంగానే జాలేసింది. "చెప్పనత్తమ్మా. వయసన్నంక ఎవలికైనా ఉండేదే" అంది. అప్పటికి ఆమె కూడా అత్తే అనుకుంది.

ఆ రోజు నల్లా జల్దీ బందయింది. బొంత ఉతకడానికి నీళ్లు చాలక ఊరికే దండెం మీద వేసింది. పగటీలి, ఎండ నడినెత్తికి వచ్చాక తీయబోతే, తడి ఆరిన చోట సున్నం చిలకరించినట్టు తెల్లటి పొడి. గోటితో గీకితే రాలింది. రోజూ పత్తి గూటి కింద బండ మీద, దాని ఉచ్చ ఆరిన చోట, కొబ్బరి పీచుతో గీకి కడిగేది ఆ పొడినే. బొంత మడతలో మిరియపు గింజంత పెంటిక కూడా ఒకటి దొరికింది.

చెప్పాల్సింది అప్పుడే. సత్యమ్మ వసారాలోనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఇద్దరి మధ్య పది అడుగులు కూడా లేవు. శైలజ ఆ పెంటికను వేలితో ఎగరగొట్టి, బొంత మడిచి లోపలికి తీసుకుపోయింది. చెబితే మొగుడికి తెలుస్తుంది. కుందేలు పోతుంది. పిల్ల మళ్లీ మంచం పడుతుంది. సాయంత్రం నిమ్మళంగా చెబుదాంలే అనుకుంది.

సాయంత్రం పప్పులో ఉప్పు ఎక్కువైంది. అత్త ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగి, మింగింది. ఏమీ అనలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆ రాత్రి శైలజకు హాయిగా నిద్ర పట్టింది. తర్వాత ఎప్పుడు తలచుకున్నా ఆమెను కోసేది ఆ నిద్రే.

ఏమీ చెయ్యలేదని కాదు. బుట్ట మీద పీట బోర్లించింది, పీట మీద రోకలిబండ పెట్టింది. పత్తి ఎట్లాగో అట్లా సందు చేసుకుని బయటపడేది, మెత్తగా ఉన్న బొంత మీదికే పోయేది. బొంత తడిసిన ప్రతి తెల్లారీ శైలజ అత్త కన్నా ముందే దాన్ని లాక్కుని "నేనుతుకుత తియ్యత్తమ్మా" అనేది. ఎంత మంచి కోడలని ఎదురింటి జంగమ్మ అంటే తల వంచుకునేది.

దండెం మీద రోజు విడిచి రోజు ఆరుతున్న బొంతను చూసి యాదగిరే అడిగాడు. తల్లిని డాక్టరుకు చూపించాడు. షుగరు లేదు, మరేమీ లేదు, వయసు అన్నాడు డాక్టరు. సత్యమ్మ నమ్మింది. సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు ముట్టడం మానేసింది. ఆ తర్వాత మధ్యాహ్నం సల్ల కూడా మానేసింది. విజయమ్మ మనవడి పుట్టెంట్రుకలకు అత్వెల్లి రమ్మంటే, రెండు రాత్రులుండాలని రానంది. అమ్మ ఎందుకు రానన్నదో చూసిపోదామనే ఇవాళ విజయమ్మ వచ్చింది.

"సరే, పండుకునే సంగతి తర్వాత" అని విజయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి ముందు పెట్టింది. "ముందు గివి తాగు. పెదవులు సూడు, ఎండకు పగిలిన సెరువు లెక్క అయినై. పొద్దటి సంది ఎన్ని తాగినవ్?"

"తాగిన తియ్యి."

"ఎన్ని?"

"పొద్దుగాల రెండు గుటకలు" అంది సత్యమ్మ. మెల్లగా, సిగ్గుపడుతూ, "తాగితే మళ్ల..." అని ఆగిపోయింది.

అప్పుడే తృప్తి లోపలి అర్రలోంచి ఎర్ర రబ్బరు షీటు ఒకటి పట్టుకొచ్చింది. ఇనుప పెట్టె అడుగున ఎన్నేళ్లుగానో మడిచి పెట్టిందేమో, మడతలు అట్లాగే నిలిచిపోయాయి.

"అవ్వా, గిది నా చిన్నప్పటిదట కదా. నువ్వు తీస్కో. ఎనక అర్రలకు పోకు. నాకేం వాసన రాదు, ఒట్టు."

సత్యమ్మ షీటును ఒళ్లో వేసుకుని అరచేత్తో రాసింది. "నీ పాడుగాను! ఎన్నిసార్లు ఉతికిన్నే దీన్ని" అని నవ్వింది. నవ్వుతుంటే పగిలిన పెదవి మీద సన్నగా నెత్తురు చిమ్మింది. కొంగుతో అద్దుకుంది.

ఆ షీటు శైలజకు గుర్తుంది. కాన్పు కష్టమై నెల రోజులు లేవలేకపోతే, పిల్ల గుడ్డలూ తన గుడ్డలూ కూడా అత్తే ఉతికింది. తిట్టుకుంటూనే ఉతికింది. కానీ ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు.

"అది అత్తమ్మ కాదు" అంది శైలజ.

ఎవరికీ వినపడలేదు. గిన్నె గడప మీద పెట్టి, పెరట్లోకి పోయి దండెం మీది బొంత తెచ్చి అందరి నడుమ పరిచింది. పొద్దున ఉతకాలంటే చేతులు రాక, అట్లాగే ఆరేసింది. మధ్యలో చాటంత మేర తెల్లటి మరక.

"అత్తమ్మ కాదు. పత్తి. రాత్రిళ్లు నేనే దాన్ని తెచ్చి పిల్ల మంచం కింద పెడ్తున్న."

యాదగిరి వంగి మరకను వేలితో గీకాడు. కుందేలు గూడు చేసినవాడు, అతనికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. "గడప దాటొద్దని చెప్పిన్నా లేదా?"

"చెప్పిన్రు."

"నీకెప్పటి సంది ఎరుక?" అని అడిగింది విజయమ్మ.

నిన్ననే తెలిసింది వదినె అంటే సరిపోయేది. అందరూ కలిసి కుందేలును తిట్టుకునేవాళ్లు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"మొదటిరోజు పగటీలి సంది."

"ఇరవై దినాలా!" విజయమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా శైలజా? ముసల్ది నీళ్లు తాగక ఎండిపోతాంటే సూస్కుంట కూసున్నవా?"

"కుందేలును తోలేస్తరని భయమైంది వదినె."

అది నిజమే. కానీ సగం నిజం. ఉప్పెక్కువైన ఆ పప్పు సంగతి శైలజ పైకి చెప్పలేదు. అత్త వైపు చూసింది. సత్యమ్మ మసక కళ్లు ఆమె మీదే ఉన్నాయి. కోపం లేదు వాటిలో. పోయిన వస్తువు ఎక్కడుందో తెలిసిపోయిన మనిషి చూపు అది. చెప్పని సగం కూడా అత్తకు చేరిందని శైలజకు అర్థమైంది.

సత్యమ్మ చెంబు ఎత్తి గటగటా తాగింది. నీళ్లు గదవ మీదుగా కారి రవిక తడిసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"దీన్ని ఇయ్యాల్నే శామీర్‌పేటకు తోలుత" అంటూ యాదగిరి పెరట్లోకి అడుగు వేశాడు. తృప్తి ఏడుస్తూ తండ్రి కాలు పట్టుకుంది.

"ఆగు యాదీ" అంది సత్యమ్మ.

అతను ఆగాడు. ఇరవై రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆమె మాటకు మనిషి ఆగాడు. ఆమె గొంతు మాత్రం పెంచలేదు. ఒళ్లో రబ్బరు షీటును పాత మడతల మీదే మడుస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా అందరికీ చెప్పింది.

"చెవులపిల్లిని పిల్ల దగ్గర్నే పండనీయుండ్రి. బయటేస్తే పిల్లి ఊకోదు. నేను గూడ నా జాగలనే పంట, ఎనక అర్రలకు మోటార్లు మళ్ల తెచ్చి పెట్టుకో." షీటు మడవడం అయిపోయింది. "ఇగ రేపటి సంది నా బొంత నేనే ఉతుక్కుంట."