రెండోసారీ అదే జవాబు

"చల్లపల్లి లైను బిజీగా ఉందండీ, కాస్త ఆగండి." ఎడమచేత్తో ఒక తీగ పీకి, కుడిచేత్తో ఇంకోటి గుచ్చింది అన్వరీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పద్దెనిమిదేళ్లుగా వన్ టౌన్ వ్యాపారుల చిరాకంతా ముందు ఆమె చెవిలోనే పడుతోంది. హెడ్‌సెట్ పట్టీ ఒరిపిడికి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. పెళ్లి కాలేదు. చెల్లెలు జమాల్ బీ ఇంట్లో ఓ మంచం, ఓ ట్రంకుపెట్టె, అంతే. డెబ్భై నాలుగు వేసవిలో రెండో బోర్డు కూడా ఆమెకే అంటగట్టారు.

పదకొండింటికి కాలేజీ నుంచి శౌరయ్య మాస్టారు కాగితాలతో రెండోసారి వచ్చారు. పని మనసుకెంత భారమో కొలిచే ఇంగ్లీషు ప్రశ్నలను ఆయన తెలుగు చేశారు. ఆ తెలుగు సరిపోయిందో లేదో తేల్చడానికి, పదిహేను రోజుల తేడాతో అదే మనుషుల్ని రెండుసార్లు అడుగుతారట. నమ్మిందెవరు? ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగేది పోలీసులే. జవాబు మారితే అబద్ధాలకోరని ఉద్యోగం పీకేస్తారని బోర్డు బోర్డుకీ పాకింది.

పోయినసారి అన్వరీ పది ప్రశ్నలకూ 'అస్సలు లేదు' అని గీతలు పెట్టింది. పెద్దమనిషి కుశలమడిగితే బాగున్నామనే కదా అంటాం!

ఇప్పుడు ఎడమచెయ్యి మొద్దుబారుతోంది. నిద్రలోనూ నంబర్లే. 'పని ముగిశాక కూడా మీ మనసులో పని నడుస్తూ ఉంటుందా?' అన్నది చదవగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు ఒక కాగితమైనా తన సంగతి అడిగింది. 'చాలా' అన్న గడి మీద పెన్సిలు ఆగింది.

"మాస్టారూ, పోయినసారి రాసింది మార్చొచ్చాండీ?"

"అది వదిలెయ్యండమ్మా. ఇవాళ ఎలా ఉందో అదే రాయండి. ఇంకో మనిషిని వేస్తారో లేదో దీన్నిబట్టే ఉంటుందంట."

పక్క బోర్డు రావమ్మ గొణిగింది. "వద్దక్కా, పట్టుకుంటారు."

అన్వరీ పదింటికీ 'అస్సలు లేదు' అనే పెట్టింది.

మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. పదికి పదీ కలిశాయి. ఆయన మొహం వాడిపోయింది.

"ఇలా కలిస్తే తెలుగు బాగా కుదిరిందనీ, మీకు భారమేం లేదనీ పైవాళ్లు రాసుకుంటారమ్మా."

గండం గడిచిందని నవ్వుకుంది, పిచ్చిది.

మూడున్నరకు గన్నవరం కాల్ ఒకటి ఎంతకీ కలవలేదు. రావమ్మ తిరిగి చూస్తే అన్వరీ బోర్డు మీదికి వాలి ఉంది. కునుకనుకుని తట్టింది. మనిషి పక్కకి ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నాడు వచ్చిన డాక్టరు. రిక్షాలో ఇంటికి చేర్చారు.

నాలుగింటికల్లా ఆ రెండు బోర్డులూ రావమ్మకే అప్పగించారు. కుర్చీ లాక్కుని కూర్చుంటే కాలికేదో తగిలింది. వంగి చూసింది. అన్వరీ చెప్పులు. ఎడమదాని తెగిన పట్టీ టెలిఫోను తీగతో బిగించి కట్టి ఉంది.