ఎడమ పక్క అరంగుళం

జాకెట్టు కత్తిరించేటప్పుడు బట్టని రెండు మడతలు వేస్తాను. ఎడమకీ కుడికీ ఒకే గీత, ఒకే కత్తెర. ఆమదాలవలసలో మా ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని ఆరేళ్ళుగా చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ ఇలాగే కుడుతున్నాను. నెల కిందట నా జాకెట్టుకి మాత్రం ఆ మడత విప్పాల్సి వచ్చింది. ఎడమ పక్క అరంగుళం ఎక్కువ పెడితే తప్ప హుక్కులు పడలేదు.

ఎడమ రొమ్ములో ఆ గడ్డ ఏడోనెల కడుపుతో ఉన్నప్పుడే చేతికి తగిలింది, ఉసిరికాయంత. "పాలు దిగతన్నాయి, దానికేటే అంత బెంగ" అంది మా అత్త పార్వతీదేవి. పాప పుట్టాక వేడి కాపడం పెట్టింది, చెక్క దువ్వెనతో పైనుంచి కిందికి దువ్వింది. నొప్పికి పళ్ళు బిగబట్టుకున్నాను. మూడోనెల వచ్చేసరికి పాప ఎడమ పక్క నోటికందిస్తే మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టింది. "మిషను కాడ కూకుని నువ్వే కుడిపక్క అలవాటు సేసినావు. ఎడమ పక్క గడ్డ కట్టక ఏటవుతాది?" అంది అత్త. అంటే తప్పు నాదీ, నా మిషనుదీ. ఆ మిషను ముందునుంచి లేచి ఆవిడ మోకాళ్ళకి నూనె రాసిన రోజులూ, మా ఆయన కళ్యాణ్‌కి కిరాణా కొట్టుకి క్యారేజీ సర్దిన రోజులూ ఎవరికీ గుర్తుండవు. "అమ్మ నలుగుర్ని పెంచింది. నీకన్నా తెలీదేటి?" అన్నాడు కళ్యాణ్.

నాకు తెలిసింది కొలవడం. పాలగడ్డయితే పిండేశాక తగ్గాలి కదా. ప్రతి ఆదివారం పాలు పూర్తిగా పిండేసి, ముందు హుక్కులు పడే కాజాపట్టీ నుంచి పక్కకుట్టు దాకా టేపు పెట్టి రెండు వైపులా కొలిచాను. కొలతల పుస్తకంలో పేరు రాసే చోట హేమ అని రాశాను. ఆరేళ్ళలో ఆ పుస్తకంలో నా పేరు ఎక్కడం అదే మొదలు. కుడి తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. ఎడమ తొమ్మిదిన్నర, తొమ్మిదీ ముప్పావు, పదీ పావు.

శ్రీకాకుళంలో చూపించుకుంటానంటే ఇంట్లో గొడవైంది. "సూది గుచ్చితే పాలు పాడైపోతాయి. పసిదాని నోట్లో మట్టి కొడతావా?" అని అత్త. "అందరికీ అన్నప్రాశన అని సెప్పేశాం. అదయ్యాక సూద్దాంలే" అని కళ్యాణ్. నీకు భయంగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. ఉంది. పాప నెత్తిమీద ముక్కు ఆనించినప్పుడల్లా, ఇది బడికెళ్ళేదాకా నేనుంటానా అని ఏడుపొచ్చేది. ఏడ్చి ఏడ్చి కోపం వచ్చింది. మర్నాడు పాపని ఎత్తుకుని బస్సెక్కాను. కళ్యాణ్ వెనకాలే వచ్చాడు.

డాక్టరమ్మ ముందు కూర్చోగానే నాకన్నా ముందు తనే అందుకున్నాడు. "పాలగడ్డేనండి. ఊరికే కంగారు పడతన్నాది." నేను కొలతల పుస్తకం తెరిచి బల్లమీద పెట్టాను. ఆవిడ అంకెలు చదివి నా వైపు తిరిగింది.

"పాలు పిండాక కొలిచావా?"

"అవునండి. ప్రతిసారీ."

"పాలగడ్డ ఇలా వారం వారం పెరగదమ్మా. నీ వయసులో చాలావరకు ప్రమాదం లేనివే ఉంటాయి. కానీ కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ జోరుగా పెరిగే అరుదైన కణితులు కొన్ని ఉన్నాయి. ఇవాళే స్కాన్ చేసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. పాపకి పాలు మానక్కర్లేదు."

ఒప్పుదల కాగితం ఇచ్చారు. "అమ్మనోమాటు అడిగొస్తాను" అని కళ్యాణ్ ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి నేను సంతకం పెట్టి, పాపని నర్సుకిచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

రిపోర్టు శుక్రవారం వస్తుంది. కోసి తీయాలంటే అన్నప్రాశన రోజైనా సరే వెళ్తానని తిరుగు బస్సులోనే కళ్యాణ్‌కి చెప్పాను.

అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. నా జాకెట్టు కింద కట్టు చూసింది.

"ఎవల్నడిగి గుచ్చించుకున్నావే?"

పాప ఆకలికి గింజుకుంటోంది. గుమ్మం మెట్టుమీదే కూర్చుని కుడివైపు అందించాను.

"నన్నే అడిగాను అత్తా. సరేనన్నాను."