ప్రారంభోత్సవానికి వచ్చిన ఆవు

మా ఆయన కేశవమూర్తికి నోటికి రాని మాట ఒకటుంది: పశువులు. హిందూపురంలో మా బియ్యం కొట్టుకు వచ్చినవాళ్లు "పాప ఏం చేస్తాండాది?" అని అడిగితే "డాక్టరు" అనేసి, ఆ వెంటనే సెనగల ధర ఎత్తుకుంటాడు. ఏ డాక్టరని అడిగే సందివ్వడు. కనగానపల్లిలో సర్కారు పశువైద్యురాలి ఉద్యోగం చేతికొస్తే మా కూతురు సాహితి కాదనుకుంది. పశువుల సర్జరీలో పైచదువు చదువుతానని మొండికేసింది. నేను అలిగి అన్నం మానేస్తే, నా వంతు కూడా తనే తిని బస్సెక్కింది. ఆ మొండితనం ఎవరిదంటే అందరూ నావైపే చూస్తారు, అదేమిటో.

చదువయ్యాక పెనుకొండ రోడ్డులో పశువులకు ఆపరేషన్లు చేసే ఆసుపత్రి పెట్టుకుంది. ఇలాంటివాటికి మావైపు రైతులు బెంగళూరు పోవాలి, లేదంటే ఆశ వదులుకోవాలి.

గృహప్రవేశానికి చేసినట్టే ముందు ఆవును లోపలికి నడిపించాలని మా ఆయన పట్టు. పెనుకొండ దగ్గర పల్లె నుంచి నీలావతి అనే రైతు తన పాడావును టెంపోలో తెచ్చింది. ధర్మవరం నుంచి మా ఆడపడుచు సరస్వతమ్మ వచ్చింది, చేతిలో తన మోకాలి ఎక్స్‌రేతో. తమ్ముడైన మా ఆయన ఆమెకు ఎంత చెప్పాడో, ఎంత మింగాడో అందరికీ అప్పుడే తెలిసిపోయింది. సాహితి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "అత్తా, నీకు నాలుగు కాళ్లుంటే నేనే చూసేదాన్ని" అంది.

ఆవు లోపలికొచ్చింది. అందరూ బొట్టు పెట్టి, దండం పెట్టి, తినడానికి ఏదో ఒకటి నోటికి అందించారు. "తలా పిడికెడు, అంతే" అని చెప్పి సాహితి అతిథుల దగ్గరికి వెళ్లింది. అందరూ పిడికెడే పెట్టారు. కానీ వచ్చింది ఊళ్లో సగం వ్యాపారులు, ఒక్కడూ వట్టి చేతుల్తో రాలేదు. నానిన సెనగలు, బియ్యం, బెల్లం. కొట్టు పేరు నిలబెట్టాలని మా ఆయన ఏకంగా గంపెడు నానిన బియ్యం తెచ్చి ముందు పెట్టాడు. "అది వద్దంటాండాదా?" అన్నాడు నాతో. ఆవు ఎక్కడైనా వద్దంటుందా.

టెంపో సాయంత్రానికి గానీ రాదు. అంతదాకా ఆవును వెనక నీడన కట్టేశారు. కాఫీల వేళకు నీలావతి పరుగెత్తుకొచ్చింది. ఆవు తల వాల్చేసింది, ఎడమ డొక్క ఉబ్బింది, కాళ్లు తడబడుతున్నాయి.

"బాగుండే ఆవును తెచ్చినాను గదా. ఏం పెట్టినారు దీనికి?" అంది. మా ఆయన ఖాళీ గంపను కాలితో వెనక్కి నెట్టాడు.

సాహితి డొక్క మీద చెయ్యి వేసి చూసింది. "గింజలు కడుపులో పులుస్తాండాయి. మందులకు లొంగదు. కోసి బయటికి తీయాల."

సరస్వతమ్మ సాహితిని పక్కకు లాగింది. "మొదటి రోజే ఆవు మీద కత్తా? ఇంకో టెంపో పిలిచి పంపించు. ఏమైనా వాళ్లింట్లో అవుతాది. ఈడ చచ్చిపోతే నీ దగ్గరికి ఇంకెవరొస్తారు?"

"దావలోనే పోతుంది అత్తా."

నీలావతి కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా ఇల్లు నడిచేది దీని పాలతోనే. కోస్తే బతుకుతాదా మేడమ్?"

"మాటివ్వలేను. కోయకుంటే బతకదు."

"అయితే కొయ్యి."

తల పట్టుకునే మనిషి కావాలి. బంధువులంతా ఒక్కసారిగా చెప్పులు వెతుక్కోసాగారు. మా ఆయన పట్టుపంచె ఎగగట్టి ముందుకెళ్లాడు. సాహితి డొక్కకు మత్తిచ్చి, నిలబెట్టే కోసింది. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి మా భక్తినంతా బక్కెట్లలోకి తోడింది. పుల్లటి కంపు. వచ్చేది తన బియ్యమేనని మా ఆయనకు తెలుసు, తల ఎత్తలేదు. ఇంట్లో టమాటా కోయమంటే వేలు కోసుకునే పిల్ల ఇది. ఇక్కడ గీత గీసినట్టు కోసింది. నాకు గర్వంగా ఉంది, ఏడుపూ వచ్చింది. ఉద్యోగం వదిలి ఏం నేర్చుకోవడానికి వెళ్లిందో నాకు ఆ రోజే అర్థమైంది.

అరుగుదల మళ్లీ మొదలవ్వాలని, పక్క డెయిరీలోని ఆరోగ్యంగా ఉన్న ఆవు కడుపులోంచి గొట్టంతో తీసిన రసం పోసి, కుట్లు వేసింది. "నెమరేస్తే బతికినట్టే" అంది.

తెల్లవారి నేను ఫలహారం తీసుకెళ్లేసరికి నీలావతి, మా ఆయన ఆవుకు చెరోపక్క కూర్చుని దాని మూతివైపే చూస్తున్నారు. ఎంతోసేపటికి ఆవు దవడ మెల్లగా పక్కకు కదిలింది. మళ్లీ కదిలింది. నీలావతి దాని మెడ కావలించుకుని ఏడ్చేసింది. మా ఆయన సంతోషం పట్టలేక నా సంచిలోంచి అరటిపండు తీశాడు.

"నాయనా" అంది సాహితి వెనకనుంచి. అంతే. ఆయన దాన్ని తనే ఒలుచుకుని తిన్నాడు.

అప్పుడే గోరంట్ల వ్యాపారి రంగయ్య ఫోన్. అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది. "ఏమప్పా, కొట్టు మూసినావు, యాడుండావు?"

మా ఆయన ఆవువైపు, కూతురివైపు చూశాడు. "మా పాప ఆస్పత్రిలో. మా పాప పశువుల డాక్టరప్పా. నేను గంపెడు బియ్యం పెట్టి ఆవును చంపబోతే, కడుపు కోసి, తోడేసి, మళ్లీ కుట్టింది. ఇప్పుడు నెమరేస్తాండాది."

రంగయ్య ఏదో అని, సెనగల ధర ఎంతుందని అడిగాడు.

"ఉండప్పా, పూర్తిగా విను" అని మా ఆయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.