అమ్మకానికి ముస్తాబు

అక్క పని ఇళ్ళకు ముస్తాబు చేయడం. ఆ ఊళ్ళో ఉత్త గోడలు చూపిస్తే ఇల్లు ఎవరూ కొనరు. సముద్రం కిటికీ నిండా కనిపిస్తే ఒక ధర, మెడ సాగదీసి మునివేళ్ళ మీద నిలబడితే కనిపించేదానికి ఇంకో ధర, అసలు కనిపించకపోయినా గాలి వస్తుందని చెప్పి మరో ధర. అంత పోసి కొనేవాళ్ళకి అందులో తాము ఎలా బతకాలో కూడా ఎవరో ఒకరు చూపించాలి. ఆ చూపించేది అక్క. అద్దె సోఫాలు, అద్దె దీపాలు, ఎవరూ చదవని పుస్తకాలు వ్యానులో వేసుకెళ్ళి, పొద్దున బోసిగా ఉన్న ఇంటిని సాయంత్రానికల్లా ఎవరో హాయిగా కాపురం ఉంటున్నట్టు మార్చేస్తుంది. అమ్ముడుపోగానే అన్నీ మూటగట్టుకుని ఇంకో ఇంటికి. ఆమె చెయ్యి పడితే ఇల్లు ఇక ఆగదని బ్రోకర్ల నమ్మకం.

అలాంటి మనిషి ఉండేది మాత్రం అద్దె ఇంట్లో, చూపులేని చెల్లెలితో. రెండు గదులు, వంటిల్లు, సముద్రం వైపు ఒక కిటికీ. అమ్మానాన్నా పోయాక ఆ ఇంట్లో దిగిన కొత్తలో, గడప తట్టుకుని, తలుపు అంచులు కొట్టుకుని చెల్లెలికి ఒంటి నిండా కమిలిన మచ్చలే. ఇల్లు ఒంటబట్టడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు అక్కడ ఆమె గోడ పట్టుకోదు, చెయ్యి చాచదు. పొయ్యి దగ్గర్నుంచి వేడి కాఫీ కప్పుతో గబగబా కిటికీ దాకా వచ్చేస్తుంది. గుమ్మం దాటితే మాత్రం అక్క భుజం కావాలి. లోకం మొత్తంలో ఆమె చేతులు ఊపుకుంటూ నడిచే చోటు ఆ ఇల్లొక్కటే. ఊరందరి ఇళ్ళలో సామాను అటూ ఇటూ లాగే అక్క, తన ఇంట్లో ముక్కాలి పీటను కూడా కదపకపోవడానికి కారణం అది.

ఒకరోజు ఓనరు ఫోన్ చేశాడు. "ఇల్లు అమ్మేస్తున్నానమ్మా. ఈ రేటు మళ్ళీ రాదు. ఏమీ అనుకోకు."

అక్క వెంటనే తెలిసిన బ్రోకరు దగ్గరికి పరుగెత్తింది.

"కంగారు పడకండి మేడమ్" అన్నాడతను. "అద్దెలకిచ్చుకునేవాడు కొంటే మిమ్మల్ని కదిలించడు. తామే వచ్చి ఉందామనుకునేవాళ్ళు కొంటేనే చిక్కు. అద్దెల ఆసామి ఒకడు నా చేతిలో ఉన్నాడు, ఆదివారం వస్తాడు. అదే రోజు ఇంకొకరికి కూడా చూపించమన్నాడు ఓనరు, తప్పదు. ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచండి. మీ చెయ్యి మాత్రం పెట్టకండి, మీకు దణ్ణం పెడతా."

అక్క సరేనంది. ఇంటికొచ్చాక చెల్లెలికి అంతా చెప్పడానికి నోరు రాలేదు. "ఓనరు మారతాడంతే, మనం ఎక్కడికీ పోం" అని తేల్చేసింది.

"అయితే ఆదివారం మనింటికి జనం వస్తారా?" చెల్లెలు ఎగిరి గంతేసినంత పని చేసింది. "అక్కా, మనింటికి కూడా ముస్తాబు చెయ్యవే. ఊరందరికీ చేస్తావు. ఇక్కడ ఇది పెట్టా, అక్కడ అది పెట్టా అని కథలు చెబుతావు. నాకూ ఒక్కసారి తడిమి చూడాలనుంటుంది కదా. ఏదో ఒకటి పగలగొడతానని ఏ ఇంటికీ తీసుకెళ్ళవాయె."

చివరి మాట సరదాకే అంది. అక్కకు మాత్రం లోపల కలుక్కుమంది. నిజంగానే ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. కొద్దిగా చేస్తే కొంపేం మునిగిపోదులే అనుకుంది. కొంపలు మునిగే ముందు అందరూ అనుకునే మాటే అది.

కొద్దిగా చేయడం అక్కకు చేతకాదు. చెల్లెలు నడిచే దారిలో ఒక్క వస్తువు పెట్టలేదు కానీ, చెయ్యి తగిలే చోటల్లా ఏదో ఒకటి పెట్టింది. మెత్తటి ఉన్ని దుప్పటి, నున్నటి చెక్క గిన్నె, గరుకు నారతో అల్లిన బుట్ట. కిటికీ పక్కన, గాలి సూటిగా మొహానికి తగిలేలా ఒక వెడల్పాటి కుర్చీ. ఇన్నేళ్ళూ ముక్కూ మొహం తెలియని వాళ్ళకు చేసిన పని మొదటిసారి సొంత మనిషికి చేసింది. చెల్లెలు ఒక్కొక్కటీ తడిమి, బుగ్గకు ఆనించుకుని, చివరికి కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మనిల్లు ఇంత బాగుంటుందా అక్కా?"

అక్క వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ముందు అద్దెల ఆసామి వచ్చాడు. కుళాయిలు తిప్పి, పైకప్పు చూసి, "బానే ఉంది" అని వెళ్ళాడు. ఆ వెనకే ఒక జంట వచ్చింది. భార్య నిండు చూలాలు. మెట్లెక్కి రొప్పుతుంటే చెల్లెలే ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. ఎక్కడా తడుముకోకుండా వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. చెల్లెలికి చూపులేదన్న సంగతే ఆ అమ్మాయికి తెలియలేదు. నీళ్ళు తాగి, గాలికి కళ్ళు మూసుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఏవండీ, నేనింక లేవను. ఇదే మనిల్లు."

అక్క ఆ మాట ఎన్నో ఇళ్ళలో విన్నది. విన్న ప్రతిసారీ తన భుజం తానే తట్టుకునేది. అంతకుముందు ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోయారని ఒక్కసారైనా అడగలేదు.

మర్నాడు బ్రోకరు ఫోన్ చేశాడు. "ఆ జంట ఇస్తామన్న ధర ముందు అద్దెల ఆసామి నిలవలేదు మేడమ్. ఓనరు వాళ్ళకే ఖాయం చేశాడు. చెయ్యి పెట్టొద్దని చెప్పానా..." కోపం కాదు, అతనికీ బాధే.

"వాళ్ళకి మనిల్లు నచ్చిందా?" చెల్లెలు ఆశగా అడిగింది.

"నచ్చింది."

"ఎంత?"

"వాళ్ళే వచ్చి ఉండేంత."

చెల్లెలి మొహం మీద నవ్వు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. "నేను అడక్కుండా ఉంటే..." అంది చివరికి.

"నోర్ముయ్. చేసింది నేను" అంటూ అక్క ఏడ్చేసింది. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది. "పోనీలేవే. ఆ అమ్మాయికి పాపం ఎంత ఆయాసమో" అంది.

తెల్లారి వ్యాను వచ్చింది. దుప్పటి, గిన్నె, బుట్ట, ఆఖరికి కుర్చీ కిందికి దిగిపోయాయి. అక్క వెనక్కి వచ్చేసరికి చెల్లెలు వంటింట్లోంచి కాఫీ తెస్తోంది. ఒక చేతిలో కప్పు. రెండో చెయ్యి గోడ మీద. అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది.

"అదేంటే? మనింట్లో గోడెందుకు పట్టుకున్నావు?"

"కొత్తింట్లో ఎలాగూ పట్టుకోవాలిగా అక్కా. మర్చిపోయానేమోనని చూసుకుంటున్నా."

అక్క ఎదురెళ్ళి కప్పు అందుకుంది. చెల్లెలు మాత్రం గోడ వదల్లేదు.