పళ్ళకి అంటు లేదు

"ఆదివారం వంటేమీ పెట్టుకోకు అనూ," అన్నాడు ఉమేశ్ బూట్లు విప్పుకుంటూ. "ముప్ఫై ఏడు డిగ్రీలంట. పళ్ళు కోసి షింకెన్ చుట్టి పెడితే చాలు. సమ్మర్‌లో ఇక్కడ అందరూ అదే పెడతారు."

షింకెన్ అంటే ఉప్పు పట్టించి, పొగబెట్టి, ఆరవేసిన పందిమాంసం. కాగితమంత పల్చగా కోసి అమ్ముతారు. అనూహ్యకు అది కొత్త కాదు, అయిష్టమూ కాదు. కానీ ఆదివారం వస్తున్నది ఆఫీసు స్నేహితులు కాదు. ఉమేశ్ అమ్మానాన్నలు. పెళ్ళయిన రెండేళ్ళకు మొదటిసారి కొడుకు కాపురం చూడ్డానికి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కార్ల్స్‌రూహె వస్తున్నారు.

"అత్తమ్మ వాళ్ళు మొదటిసారి వస్తుంటే పొయ్యి ముట్టియ్యకుంట పంపుతమా? మా అమ్మకు తెలిస్తే తిడ్తది," అంది అనూహ్య.

"మీ అమ్మగారికి చెప్పడం ఎందుకు?"

"టర్కీ వాళ్ళ కొట్ల ముదురు కోడికి చెప్పొచ్చిన. పులుసు పొద్దుగాలనే వండి పెడ్త. ఇల్లు వేడెక్కదు."

"వద్దన్నాను కదా!" అతని గొంతు లేచింది. "వన్ సండే. ఒక్క ఆదివారం స్టవ్ జోలికి పోకుండా ఉండలేవా?"

ఉమేశ్ అరిచే మనిషి కాదు. అరిచాక తనే బిత్తరపోయి, స్నానానికి వెళ్ళిపోయాడు. అనూహ్య కోడి కొట్టుకు ఫోన్ చేసి వద్దని చెప్పింది. చెప్పిందే కానీ, కాల్లో ముల్లు విరిగినట్టు ఆ అరుపు లోపలే ఉండిపోయింది.

ఉమేశ్ తండ్రి భాస్కరమూర్తి కాకినాడలో డాక్టరీ చదివి, ఎనభైల మొదట్లో జర్మనీ వచ్చి స్థిరపడ్డాడు. ఉమేశ్ పుట్టింది, పెరిగింది ఇక్కడే. అనూహ్యది జనగామ. మాదిగల ఇంటి పిల్ల, తండ్రి సర్కారు బడిలో టీచరు. కార్ల్స్‌రూహెలో మాస్టర్స్ చేసి, చేరిన కంపెనీలో ఉమేశ్‌ను చూసింది. ప్రేమ సంగతి ఖాయమవకముందే తన కులం పేరు అతనికి చెప్పింది. అతను భుజాలెగరేసి, "అదంతా నాకు తెలీదు, అక్కర్లేదు," అన్నాడు. అతని తల్లి సుభద్ర కూడా ఏమీ అనలేదు. పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వచ్చింది, మెడలో గొలుసు వేసింది, హోటల్లో అందరితో కూచుని తిన్నది. ఆ తర్వాత కలిసినప్పుడల్లా హోటళ్ళలోనే కలిశారు, లేకపోతే ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ళింట్లో. ఇక్కడికి రమ్మంటే మాత్రం ఒకసారి నడుం నొప్పి, ఒకసారి రైళ్ళ సమ్మె, ఒకసారి ఎవరో చుట్టాలు. అన్నిటినీ అనూహ్య నమ్మింది.

ఆదివారం తెల్లారుతూనే లేచింది. బాల్కనీ తలుపులు బార్లా తీసి, బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిపాయ, కారం కలిపి, గిన్నె అడుగుకు ఒత్తి సర్వపిండి చేసింది. ఒక్క గిన్నె, అంతే. మొదటిసారి వచ్చిన అత్తకు తన చేతి వంట ఒక్కటైనా పెట్టకపోతే ఎట్లా అనుకుంది.

వాసనకు ఉమేశ్ లేచి వచ్చాడు. "ఏంటిది?"

"సర్వపిండి. నాలుగు ముక్కలే. చల్లారింది కూడ."

"నేనేం చెప్పాను? దీన్ని టేబుల్ మీద పెట్టకు."

"ఎందుకు పెట్టొద్దు?"

"వేడిలో ఆయిల్ ఫుడ్... నాన్నకి షుగరు."

"మరి పండ్లల్ల షుగర్ లేదా?"

అతను కప్పు తీసుకుని కాఫీ పోసుకోకుండానే మళ్ళీ షెల్ఫులో పెట్టేశాడు. ఆ రోజు ఇంక వాళ్ళిద్దరి మధ్య మామూలు మాట ఒక్కటీ నడవలేదు.

పదకొండు గంటలకు ఆమె పళ్ళు ముందేసుకుని కూచుంది. ఎండ లోపలికి రాకుండా కిటికీ షట్టర్లు కిందికి దించేసరికి వంటిల్లు సగం చీకటిగా ఉంది. పసుపుపచ్చ కర్బూజాను రెండు చెక్కలు చేసి, గింజలు గీకి, చంద్రవంకల్లా కోసింది. నీరు ఉంటే మాంసం జావగారిపోతుంది కాబట్టి ఒక్కో ముక్కనూ గుడ్డతో అద్దింది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన షింకెన్ పొరలు ఒకదానికొకటి అతుక్కుని చిరుగుతున్నాయి. కాసేపు బయట పెట్టి, మెత్తబడ్డాక ఒక్కో పొరా లేపి కర్బూజా నడుముకు చుట్టింది. అంజూర పళ్ళను పైనుంచి నాలుగుగా చీల్చి, మేకపాల చీజ్ కూరి, పైన ఎండుమాంసపు సలామీ ముక్క నిలబెట్టింది. పియర్ పండు నల్లబడకుండా నిమ్మరసం రాసింది. ద్రాక్షపండు, సలామీ, పుదీనా ఆకు కలిపి పుల్లలకు గుచ్చింది. మీద మిరియాల పొడి చల్లింది. పళ్ళేలు అందంగా వచ్చాయి. అయినా ఆమెకు ఆ అందం మీద ఒళ్ళు మండుతూనే ఉంది.

ఉమేశ్ వచ్చి చూసి, "సూపర్," అన్నాడు. వెనకనుంచి భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె పక్కకు జరిగింది.

మూడింటికి వచ్చారు వాళ్ళు. భాస్కరమూర్తి చెమటలు తుడుచుకుంటూ సోఫాలో కూలబడ్డాడు. సుభద్ర ఇల్లంతా తిరిగి చూసింది. కర్టెన్లు బావున్నాయంది, బాల్కనీ చిన్నదంది. వంటింటి గడప దగ్గర ఆగి, లోపలికి రాకుండానే, "వంట చెయ్యలేదు కదమ్మా?" అని అడిగింది.

"లేదత్తమ్మా. పండ్లే."

"హమ్మయ్య. ఈ ఎండల్లో ఎందుకు పొయ్యి దగ్గర కష్టం." ఆమె మొహం తేలికపడింది.

అనూహ్య పళ్ళేలు బల్ల మీద పెట్టింది. సుభద్ర కర్బూజా ముక్క తీసుకుని కొరికి, "అబ్బ, ఎంత తియ్యగా ఉందో! ఈ ఉప్పుకీ ఆ తీపికీ బలే కుదిరింది," అంది. భాస్కరమూర్తి అంజూరాలు ఒకటి తర్వాత ఒకటి నోట్లో వేసుకున్నాడు. సలామీ ఏ మెట్జ్‌గరైలో తెచ్చారని అడిగాడు. మెట్జ్‌గరై అంటే మాంసం కొట్టు. స్టేషన్ దగ్గరి కొట్టులో తెచ్చామని ఉమేశ్ చెప్పాడు. తండ్రీకొడుకులు కాసేపు రైళ్ళ ఆలస్యాల గురించి మాట్లాడుకున్నారు.

"టీ పెట్టనా అత్తమ్మా?"

"వద్దమ్మా, తెచ్చుకున్నాను." సుభద్ర సంచీలోంచి స్టీలు ఫ్లాస్కు తీసి, దాని మూతలోనే పోసుకుంది.

అనూహ్య ఆ మూత వైపు చూసింది. తర్వాత ఉమేశ్ వైపు. అతను గోడ మీది ఫోటో చూస్తున్నాడు. ఆమె లేచి వెళ్ళి సర్వపిండి ప్లేటు తెచ్చి, అంజూరాల పక్కన పెట్టింది.

"అనూ..." అన్నాడు ఉమేశ్.

"ఇది మా దిక్కు చేస్తరు మామయ్యా. పొద్దున చేసిన, తిని చూడండి."

భాస్కరమూర్తి కళ్ళు మెరిశాయి. "ఇదేంటి, తపాలచెక్కా?" అంటూ చెయ్యి చాచాడు.

"ఏవండీ." సుభద్ర గొంతు పెంచలేదు. "మీ షుగరు."

చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళి మోకాలి మీద వాలింది.

"ఇండ్ల చక్కెర లేదత్తమ్మా. అంజూరాలల్ల ఉంది. మామయ్య అవి సగం ప్లేటు తిన్నరు. అప్పుడు మీరేమనలేదు."

అనూహ్య ప్లేటును సుభద్ర వైపు జరిపింది.

"మీరొక్క ముక్క తినండి. మీకు షుగర్ లేదు కద."

"ఆకలి లేదమ్మా."

"మరి కర్బూజా?"

సుభద్ర ఫ్లాస్కు మూత కింద పెట్టింది. "నువ్వు చదువుకున్న పిల్లవి. తప్పుగా అనుకోకు. నీ మీద నాకే కోపమూ లేదు. పళ్ళకి అంటు లేదంటారు పెద్దవాళ్ళు. ఎవరింట్లో అయినా తినొచ్చు. నిప్పు మీద వండిందయితేనే పట్టింపు."

"హోటల్ల వండేటోళ్ళు ఎవరో ఎరుకా మీకు?"

"తెలీనప్పుడు దోషం లేదు."

"అంటే నేను తెల్సినదాన్ని కాబట్టి దోషమా?"

"అమ్మా, ప్లీజ్, స్టాప్," అన్నాడు ఉమేశ్.

"మాట్లాడనీ నువ్వు," అంది అనూహ్య అతని వైపు చూడకుండానే. "అత్తమ్మా, ఈ పందిని ఎవరు కోసిన్రో, ఎవరు చేతులు పెట్టి ఉప్పు రుద్దిన్రో అడిగిన్రా? మా నాయనమ్మ మాంసానికి ఉప్పు, పసుపు పెట్టి దండేనికి ఎండేస్తే అవి తునకలు. ఆ దండెం ఉన్న వాకిట్లకే రారు మీరు. వీళ్ళు పొగబెట్టి ఎండేస్తే మాత్రం బలే కుదిరింది అంటున్నరు."

సుభద్ర మొహం ఎర్రబడింది. "నోరు అదుపులో పెట్టుకో. నీకేం తెలుసు నా సంగతి? దేశం కాని దేశం వచ్చాం. మడి వదిలాం, మంత్రం వదిలాం, తినకూడనివన్నీ తిన్నాం. పిల్లలు తెలుగు కూడా సరిగ్గా మాట్లాడరు. నాకంటూ ఈ ఒక్కటీ మిగుల్చుకున్నాను."

"మిగుల్చుకున్నది ఇదేనా? అన్ని వదిలి, నన్ను అంటరాదన్నది ఒక్కటి మూట గట్టుకున్నరా?"

"అనూహ్యా!" భాస్కరమూర్తి గద్దించాడు. "ఇంటికొచ్చిన పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతేనా ఇది? మేం వచ్చిందే గొప్ప. రెండేళ్ళు వీడు బతిమాలితే వచ్చాం. వండకూడదని వీడు మాటిస్తేనే వచ్చాం."

తన నోట ఏం జారిందో అతనికి అన్నాకే తెలిసింది. ఉమేశ్ తల దించుకున్నాడు.

అనూహ్యకు ఉమేశ్ చెప్పిన కారణాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముప్ఫై ఏడు డిగ్రీలు. ఒక్క ఆదివారం. షుగరు. తను గుడ్డతో అద్దిన ఒక్కో పండు ముక్కా కళ్ళ ముందు తిరిగింది. ఆ పళ్ళేలు తన చేతే పెట్టించాడు. అతనికి ముందే తెలుసు.

తింటున్న వాళ్ళ ముందునుంచి కంచం తీయడమంత పాపం లేదని ఆమె తల్లి చెబుతుండేది. అనూహ్య వంగి సుభద్ర ముందున్న ప్లేటు తీసింది. అందులో సగం కొరికిన కర్బూజా ఉంది. తర్వాత భాస్కరమూర్తి ముందున్నది తీసింది. తర్వాత పెద్ద పళ్ళేలు రెండూ. అన్నీ వంటింట్లోకి మోసుకెళ్ళి, షింకెన్, పళ్ళు, చీజ్ అని చూడకుండా చెత్తడబ్బాలో బోర్లించింది. తిరిగొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నా చేతి పండ్లు కూడ వద్దు మీకు," అంది. "పోయి రండి."

సుభద్ర ఫ్లాస్కు సంచీలో పెట్టుకుని లేచింది. "విన్నావా? నీ పెళ్ళాం మమ్మల్ని గెంటేస్తోంది," అంది కొడుకుతో. ఉమేశ్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు, తాళాలు తీసుకున్నాడు. "ట్రామ్ దాకా వస్తాను," అన్నాడు. అతను ఏ పక్షం నుంచి ఆ మాట అన్నాడో ఎవరికీ అర్థం కాలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె బాల్కనీలో కూచుని సర్వపిండి తింటోంది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ముందు ఇంట్లోకి వస్తే, మెల్లిగా... స్టెప్ బై స్టెప్ మారుతుంది అనుకున్నాను."

"ఎవరు మారాలె? వాళ్ళు మారేదాంక నేను తెల్వకుంట పండ్లు కోసుకుంట ఉండాల్నా?"

"నీకు చెప్తే బాధపడతావని..."

"నాకు చెప్తే నేను ఒప్పుకోనని చెప్పలే. బాధ కాదు. వాళ్ళు కడుపుల ఉన్నది మొహం మీద అన్నరు. నువ్వు ఎండల మీద పెట్టి అన్నవ్. ఎవరిది ఎక్కువ తప్పో నువ్వే చూస్కో."

"ఏం చెయ్యమంటావు?"

"అది కూడ నేనే చెప్పాల్నా?"

ఆ వారమంతా ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకున్న అపరిచితుల్లా తిరిగారు. మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం ఉమేశ్ సోఫాలో కూచుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి తల్లికి చేశాడు. కాగితం చూసి చదివినట్టు, తడబడుతూ చెప్పాడు. "అమ్మా, ఇక్కడ వండినవి తినేటట్టయితే రండి. లేకపోతే వద్దు. అంతవరకు నేను కూడా మీ ఇంట్లో ఏమీ తినను."  అటువైపునుంచి ఏడుపు వినిపించింది. తర్వాత భాస్కరమూర్తి ఫోన్ తీసుకుని, "నీ ఇష్టం. మేం రాం," అని పెట్టేశాడు.

అనూహ్య పక్క గదిలోంచి అంతా విన్నది. ఆమెకు సంతోషం కలగలేదు. ఈ మాట రెండేళ్ళ క్రితం అనాల్సింది అనుకుంది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. శీతాకాలంలో భాస్కరమూర్తికి కంటి ఆపరేషన్ అయింది. ఉమేశ్ ప్రతి రెండో శనివారం ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి, మందులు తెచ్చిపెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చేవాడు. తల్లి ప్రతిసారీ కంచంలో వడ్డించి ముందు పెట్టేదట. అతను కంచం ముట్టకుండా లేచేవాడట. ఆమె రెండోసారి అడిగేది కాదట. అతను చెప్పిందే ఇదంతా. నిజమా అని అనూహ్య అడగలేదు.

అలా వెళ్ళిన ఒక శనివారం రైలు ఆలస్యమై, నీరసంగా ఇల్లు చేరాడు. కోటు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, గిన్నె మూత తీసి, మిగిలిన అన్నంలో చల్లారిన పప్పు వేసుకుని నిలబడే తినసాగాడు. అనూహ్య అక్కడే బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూచుని ఉంది. ఆమె లేచి వడ్డించలేదు. అక్కణ్ణించి వెళ్ళిపోనూ లేదు.