నలభయ్యో పేజీ

పినార్ దెల్ రియో ఊళ్లో మా చుట్టల ఫ్యాక్టరీ. మేం పొగాకు చుడుతుంటే ఎవెలియో ఎత్తు కుర్చీలో కూచుని నవలలు చదివి వినిపిస్తాడు. నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లలు మోగిస్తాం, నచ్చకపోతే ఆ కత్తుల్నే నేలకేసి కొడతాం. నెలగా అంగారకుడి మీద చిక్కుకున్న కెప్టెన్ కథ నడుస్తోంది. ఆగలేక ఆ పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాను.

పొద్దున్నే అందరి ముందూ నిలదీశాను. "నలభయ్యో పేజీలోనే కెప్టెన్ చచ్చాడు కదయ్యా! మూడు వారాలుగా మా చెవుల్లో పువ్వులు పెడుతున్నావా? సిగ్గులేదూ?"

హాలంతా నోరెళ్లబెట్టింది. నేలకేసి కొట్టడానికి కత్తి ఎత్తాను.

ఎవెలియో తల దించుకున్నాడు. "ఆ పేజీ చదవాల్సిన రోజు నువ్వు మీ ఆయన్ని పూడ్చిపెట్టి వచ్చి కూచున్నావు, సెనైదక్కా."

ఎత్తిన కత్తి చేతిలోనే ఉండిపోయింది.